అంగన్‌వాడీనా, ప్లే స్కూలా, మాంటిస్సోరీనా, ఎల్‌కేజీనా: మూడేళ్ళ పిల్లల్ని ఎక్కడ వెయ్యాలి, ఆట సంగతేంటి

ప్రతి ఏడాది మార్చి వచ్చిందంటే చాలు, మా వీధిలో, చుట్టాల్లో, ఆఖరికి కూరగాయల బండి దగ్గర కూడా నన్ను ఇదే అడుగుతారు, "టీచర్ గారూ, మావాడికి మూడు నిండాయి, ఎక్కడ వేస్తే బాగుంటుంది" అని. పదకొండేళ్ళుగా నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకే చెప్తున్నా కాబట్టి అడుగుతారు. ఈసారి ఒకమ్మాయి రెండు పాంప్లెట్లు పట్టుకుని ఇంటికే వచ్చేసింది. ఒకదాని మీద జారుడుబల్ల బొమ్మ, ఇంకోదాని మీద కోటు, టై వేసుకున్న నాలుగేళ్ళ బాబు. "వీళ్ళేమో అంతా ఆటలతోనే నేర్పిస్తాం అంటున్నారక్కా, వాళ్ళేమో డిసెంబర్‌కల్లా చదవడం రాయడం వచ్చేస్తుంది అంటున్నారు, ఆడిస్తూ కూర్చుంటే ఇంకెప్పుడు నేర్చుకుంటాడు" అంది. ఆ అమ్మాయికి ఆ రోజు గంటన్నర చెప్పిందే ఇక్కడ కాస్త వరసలో పెట్టి రాస్తున్నా.

ముందు ఆట గురించి

నా క్లాసులో ఒక బాబు ఉండేవాడు, వంద దాకా అంకెలు నోటికి వచ్చు, అడ్మిషన్ రోజే వాళ్ళ నాన్న నా ముందు అప్పజెప్పించారు. వారం తర్వాత క్లాసులో కొట్టు ఆట పెట్టాను. కొట్టు అంటే పెద్దగా ఏం లేదు, ఒక పొట్టి బల్ల, దాని మీద ఖాళీ సబ్బు పెట్టెలు, రెండు టమాటాలు, నాలుగు ఉల్లిపాయలు, డబ్బులకి బదులు చింతగింజలు. కొట్టు మీద ఒక పాప కూర్చుంది. "ఉల్లిపాయకి నాలుగు గింజలు" అంది. మనవాడు గుప్పెడు తీసి ఇచ్చేశాడు. పాప ఊరుకుంటుందా, వాడి అరచేతిలో ఉన్నవాటిలోంచి ఒక్కొక్కటే తీసుకుంటూ "ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ, చాలు, మిగతావి నీవే" అంది. వాడు కాసేపు చేతిలో మిగిలిన గింజల వంక చూశాడు. మళ్ళీ కొనడానికి వచ్చాడు, ఈసారి వేలితో ఒక్కో గింజనీ పక్కకి తోస్తూ లెక్కపెట్టాడు, ఒక గింజని రెండుసార్లు లెక్కపెట్టాడు, పాప ఒప్పుకోలేదు, ఇద్దరికీ గొడవైంది, మళ్ళీ మొదట్నించి లెక్క. వంద దాకా నోటికొచ్చిన పిల్లాడికి నాలుగంటే ఎన్నో ఆ రోజు తెలిసింది.

ఇందులో నేను చేసిన పని బయటికి కనపడదు గానీ ఉంది. ఉల్లిపాయలు నాలుగే పెట్టింది నేను, ఆట తేలికైపోగానే "ఇవాళ టమాటా రేటు పెరిగిందట" అని వెళ్ళి చెప్పింది నేను, గొడవైనప్పుడు లేచి వెళ్ళకుండా కూర్చుని చూసిందీ నేనే. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం (మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం తెచ్చింది) ఆటని మూడు రకాలుగా చెప్తుంది: పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ఆడుకునేది, టీచర్ పక్కనుండి కాస్త దారి చూపించేది, రూల్స్ పెట్టి ఆడించేది. మూడూ ఉండాలి. "మా దగ్గర అంతా ఆటే" అని పిల్లల్ని బాల్స్ ఉన్న గదిలో వదిలేసి టీచర్ ఫోన్ చూసుకుంటుంటే అది టైమ్‌పాస్, "మా దగ్గర యాక్టివిటీస్ ఉంటాయి" అని ముప్పై మంది చేత ఒకే ఆపిల్ బొమ్మకి ఒకే ఎరుపు రంగు వేయిస్తే అది రంగు పెన్సిల్‌తో చేయించే హోంవర్క్.

ఇదేదో కొత్తగా వచ్చిన ఫ్యాషన్ అనుకోకండి. జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన 1837లో మొదలుపెట్టినప్పుడే పిల్లల చేతికి ఇచ్చింది ఉన్ని బంతులు, చెక్క దిమ్మెలు. కిండర్‌గార్టెన్ అంటేనే పిల్లల తోట అని అర్థం. మన దేశంలో గిజుభాయి బధేకా గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో 1920లో బాలమందిర్ పెట్టి కథలతో, ఆటలతో చెప్పారు. అసలు మన ఇళ్ళల్లో ఏముండేవో చూడండి, వామనగుంటల్లో ఏడేడు గుంటలు రెండు వరసలు, గింజలు ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోవాలి, ఇప్పుడు వేలకి వేలు పోసి కొనే లెక్కల బొమ్మలు చేసే పని అదే. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద బ్యాలెన్స్, గుజ్జనగూళ్ళలో వంట చేసి అందరికీ సమానంగా వడ్డించడం, వీరీ వీరీ గుమ్మడిపండులో కళ్ళు మూస్తే గుర్తుపట్టడం, తన వంతు కోసం ఆగడం. అమ్మమ్మలకి దీనికి పేరు పెట్టాల్సిన అవసరం రాలేదు, అంతే.

ఎక్కడ చూసినా ఇవి చూడండి

ఏ స్కూల్ అయినా బోర్డు మీద పేరు చూసి నిర్ణయం తీసుకోవద్దు, లోపల ఇవి చూడండి.

- టీచర్, ఎంతమందికి ఒకరు. నాకైతే అన్నిటికన్నా ముందు ఇదే. చిన్నపిల్లల సంరక్షణ, చదువు మీద 2013లో వచ్చిన జాతీయ విధానం మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి 20 మందికి ఒకరు, మూడేళ్ళ లోపు వాళ్ళకి 10 మందికి ఒకరు ఉండాలి అంటుంది. మీరు వెళ్ళినప్పుడు పిల్లల తలలు లెక్కపెట్టండి, ఆయమ్మని టీచర్ లెక్కలో వేసి చెప్తారు, ఆ మాట విడిగా అడగండి. పోయినేడు టీచరే ఈ ఏడాదీ ఉందా అని కూడా అడగండి. మూడేళ్ళ పిల్లలకి స్కూల్ అంటే ఆ ఒక్క మనిషే, మధ్యలో మనిషి మారితే మళ్ళీ ఏడుపు మొదట్నించి.
- పిల్లల చేతికి ఏమి ఇస్తున్నారు. అల్మారాలో తాళం వేసిన బొమ్మలు లెక్కలోకి రావు. పిల్లలకి అందే ఎత్తులో ఏమున్నాయి, మాసిపోయి అరిగిపోయి ఉన్నాయా లేక కొత్తగా మెరుస్తున్నాయా చూడండి. అరిగిపోయినవి ఉంటే మంచి గుర్తు.
- రాత ఎప్పుడు మొదలుపెడతారు. దీని గురించి కింద ఎక్కువే రాశా.
- భాష. పిల్ల "దాహం" అంటే టీచర్‌కి అర్థమై నీళ్ళు ఇస్తుందా, లేక "సే వాటర్ ప్లీజ్" అనే దాకా ఆపుతుందా.
- దూరం, టైమింగ్స్, బాత్రూమ్. మూడేళ్ళ పిల్లల్ని వ్యాన్‌లో ముప్పావుగంట తిప్పడం నాకు మనసొప్పదు. ఆ 2013 విధానంలోనే రోజుకి 3 నుంచి 4 గంటల ప్రోగ్రామ్ అని ఉంది. బాత్రూమ్ మాత్రం మీరే స్వయంగా వెళ్ళి చూడండి, సీటు చిన్నదా, మగ్గు అందుతుందా, పిల్లలతో పాటు ఎవరు వెళ్తారు.
- మొత్తం ఖర్చు. ఫీజులు ఊరిని బట్టి బాగా మారతాయి కాబట్టి నేను నంబర్ రాయట్లేదు, కానీ ట్యూషన్ ఫీజు ఒక్కటే విని తల ఊపొద్దు, అడ్మిషన్, పుస్తకాలు, యూనిఫామ్ రెండు జతలు, వ్యాన్, యాక్టివిటీ కిట్, యాన్యువల్ డే డ్రెస్సు అన్నీ కలిపి ఒక కాగితం మీద రాసి ఇమ్మనండి.

అంగన్‌వాడీ

చాలామంది దీన్ని లిస్టులోనే పెట్టరు, అదే నాకు బాధ. అంగన్‌వాడీలని నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న మొదలైంది, ఇప్పుడు తెలంగాణలో 35 వేలకు పైగా, ఆంధ్రలో 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి, అంటే నడిచి వెళ్ళే దూరంలో దొరికే ఆప్షన్ చాలా ఊళ్ళలో ఇదొక్కటే. మధ్యాహ్నం వేడి భోజనం, గుడ్డు, పిల్లల బరువు ఎత్తు కొలవడం, టీకాలు ఎప్పుడో గుర్తుచేయడం, ఇవన్నీ కలిపి చేసే ప్రైవేట్ స్కూల్ నేనైతే చూడలేదు. భాష ఇంటి భాషే. పుస్తకాల మోత లేదు. టీచర్ ఆ ఊరి మనిషే, పిల్ల వాళ్ళ నానమ్మ పేరు కూడా తెలుసు.

లోటు ఎక్కడంటే, ఆమె నెత్తిన ఉన్న పని. ఒక టీచర్, ఒక ఆయా, వాళ్ళకే గర్భిణులు, బాలింతలు, ఇంటింటి విజిట్లు, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ ఎంట్రీలు, ఇవి కాక పోలియో చుక్కలు, సర్వేలు. పిల్లల దగ్గర కూర్చునే టైమ్ అందులోంచి మిగలాలి. 2023లో కేంద్రం అంగన్‌వాడీ టీచర్లకి ఆటలతో చెప్పే ట్రైనింగ్ "పోషణ్ భీ పఢాయీ భీ" అని మొదలుపెట్టింది, మంచి పనే, కానీ మీ వీధిలో ఉన్న సెంటర్ ఎలా ఉందో మీరే చూడాలి. పొద్దున పదిన్నరకి చెప్పకుండా వెళ్ళండి. పిల్లలు గోడకి ఆనుకుని వరసగా కూర్చుని అన్నం కోసం చూస్తుంటే ఒక రకం, చాప మీద గింజలు, మూతలు, ముక్కల బొమ్మలు పరిచి ఉంటే ఇంకో రకం. మా చిన్నమ్మ వాళ్ళ ఊళ్ళో సెంటర్ రెండో రకం, అక్కడి టీచరమ్మ పాత చీరతో ఉయ్యాల కట్టి, ఎవరి వంతు ఎన్ని ఊపులు అని పిల్లల చేతే లెక్కపెట్టిస్తుంది.

ప్లే స్కూల్

అంటే రెండున్నర నుంచి నాలుగేళ్ళ దాకా, చిన్న ఇంట్లోనో మేడ మీదనో నడిపేవి, ఫ్రాంచైజీలు కూడా ఎక్కువే. బాగా నడిస్తే ఈ వయసుకి ఇంత సరిపోయేది ఇంకోటి లేదు, పిల్లలు తక్కువ, ఇసుక నీళ్ళు రంగులు ఉంటాయి, పూట బడే. ఏడిస్తే ఎత్తుకుంటారు.

కానీ ఆ "ప్లే" అనే మాటని ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. ఫ్రాంచైజీ అయితే హెడ్డాఫీసు నుంచి నెలవారీ ప్లాన్ వస్తుంది, సోమవారం ఎరుపు రంగు, మంగళవారం గుండ్రం అని, వర్షం పడి పిల్లలందరూ కిటికీ దగ్గరికి పరిగెత్తినా సరే ఆ రోజు గుండ్రమే. మంచి టీచర్ అయితే ఆ ప్లాన్ పక్కన పెట్టి కాగితం పడవలు చేయిస్తుంది. ఇంకోటి, చాలా వాటిలో బయట జాగా ఉండదు. ముప్పై మందికి బయట ఆడుకోవడానికి కనీసం 30 చదరపు మీటర్లు ఉండాలని పైన చెప్పిన 2013 విధానంలోనే రాసి ఉంది, అంటే ఇంచుమించు మూడు బెడ్‌రూమ్‌లంత, అది కూడా చాలాచోట్ల కనపడదు. రెండేళ్ళ తర్వాత ఎలాగూ స్కూల్ మారాలి, ఆ మార్పు ఇంకో ఖర్చు, ఇంకో ఏడుపు.

మాంటిస్సోరి

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి ఎందుకంటే మన దగ్గర ఈ పేరుకి అర్థమే మారిపోయింది. మా చిన్నప్పుడు మాంటిస్సోరి అన్నా కాన్వెంట్ అన్నా ఒకటే, ఇంగ్లీష్ మీడియం ప్రైవేట్ బడి అని. అసలు సంగతి వేరే. మరియా మాంటిస్సోరి ఇటలీ డాక్టర్, 1907లో రోమ్‌లోని పేదవాళ్ళ పేటలో పనికెళ్ళే తల్లిదండ్రుల పిల్లల కోసం మొదటి ఇల్లు తెరిచింది. 1939లో మద్రాసు అడయార్‌కి దివ్యజ్ఞాన సమాజం పిలిస్తే వచ్చింది, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చింది.

నిజమైన మాంటిస్సోరి క్లాసు ఎలా ఉంటుందంటే, మూడు, నాలుగు, ఐదేళ్ళ వాళ్ళు అందరూ ఒకే గదిలో, పిల్ల అల్మారాలోంచి తనకి కావాల్సింది తనే తీసుకుని చాప పరుచుకుని పని చేసుకుని మళ్ళీ అక్కడే పెడుతుంది. గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్ళు ఒంపడం, బొత్తాలు పెట్టడం, ఒక సెంటీమీటర్ నుంచి పది దాకా ఉండే పది గులాబీ రంగు దిమ్మెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చడం, గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలు పెట్టి దిద్దడం. టీచర్ పెద్దగా మాట్లాడదు. గదిలో గోల ఉండదు, మొదటిసారి చూసినవాళ్ళకి ఇది బడేనా అనిపిస్తుంది. తనంతట తను పని చేసుకునే పిల్లలకి, కొంచెం మొహమాటస్తులకి, గోల పడని వాళ్ళకి ఇది బ్రహ్మాండంగా సెట్ అవుతుంది.

తక్కువ ఎక్కడంటే ఊహల ఆట. ఆ దిమ్మెల్ని రైలు చేసి "కూ" అంటే కొన్నిచోట్ల టీచర్ నెమ్మదిగా ఆపుతుంది, దాన్ని వాడే పద్ధతి ఒకటి ఉంటుంది మరి. నాలాంటి కొట్టు ఆట మనిషికి అక్కడ కొంచెం చేతులు కట్టేసినట్టుంటుంది, ఇది నా అభిప్రాయం, మాంటిస్సోరి టీచర్లు ఒప్పుకోరు. ఖర్చు ఎక్కువ, ఎందుకంటే సామాను ఖరీదు, ట్రైనింగ్ ఖరీదు. ఇక ఈ పేరు మీద ఎవరికీ హక్కు లేదు కాబట్టి అడగాల్సినవి రెండు: టీచర్ మాంటిస్సోరి ట్రైనింగ్ ఎక్కడ, ఎన్నాళ్ళు చేశారు, అన్ని వయసుల వాళ్ళూ ఒకే గదిలో ఉంటారా. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అని మూడు గదులు విడివిడిగా చూపిస్తే అక్కడితో మీకు అర్థమైపోవాలి.

ప్రైవేట్ స్కూల్లో నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ

మనలో ఎక్కువమంది చివరికి వేసేది ఇక్కడే. కారణాలు కూడా సబబే, అక్కో అన్నో అదే స్కూల్లో ఉంటారు, ఒకే వ్యాన్, ఫస్ట్ క్లాస్ సీటు గురించి బెంగ ఉండదు, సాయంత్రం దాకా ఉంచుతారు.

నేను మొదట పనిచేసిన స్కూల్ ఇలాంటిదే. ఎల్‌కేజీకే ఐదు పుస్తకాలు, నాలుగు గీతల కాపీ, యూనిట్ టెస్టులు. ఒక పాప, నాలుగేళ్ళు ఇంకా నిండలేదు, పెన్సిల్‌ని పిడికిలి బిగించి పట్టుకుని రాసేది, ఎంత గట్టిగా అంటే కాగితం చిరిగి కింద పేజీలో గుంట పడేది. "బి", "డి" తిరగేసిందని ఆ పేజీ మొత్తం నా చేతే రబ్బర్‌తో చెరిపించి మళ్ళీ రాయించమన్నారు. మూడోసారి రాస్తూ ఆ పాప పెన్సిల్ పక్కన పెట్టి ఎడమ చేత్తో కుడిచేతి వేళ్ళు నొక్కుకుంది. ఏడవలేదు, ఏమీ అనలేదు. ఆ ఏడాది చివర్లో నేను ఆ స్కూల్ మానేశాను.

రాత గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి, పుట్టినప్పుడు అవి ఎముకలే కావు, మెత్తగా ఉంటాయి, ఏళ్ళ మీద ఒక్కొక్కటీ గట్టిపడుతూ వస్తాయి, ఎనిమిదోది గట్టిపడేసరికి పిల్లలకి తొమ్మిది పన్నెండు మధ్య వస్తుంది. పిడికిలితో పట్టుకోవడం నుంచి మూడు వేళ్ళతో పట్టుకునే దాకా రావడానికి కూడా మామూలుగా ఐదారేళ్ళు పడుతుంది. పిండి పిసకడం, బట్టల క్లిప్పులు నొక్కడం, చిక్కుడుకాయలు ఒలవడం, దారానికి పూసలు గుచ్చడం, ఇసుకలో వేలితో గీయడం, ఇవన్నీ రాతకి చేతిని తయారుచేసే పనులే. ఆ 2022 చట్రం కూడా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి పాఠ్యపుస్తకాలే పెట్టొద్దంటుంది, పరీక్షలు ఈ వయసుకి పనికిరావంటుంది.

అలాగని ఈ స్కూళ్ళన్నీ ఒకటే అనను. పెద్ద స్కూళ్ళలో కూడా నర్సరీ సెక్షన్ ఒక మంచి ఇన్‌చార్జి చేతిలో ఉంటే పిల్లలు హాయిగా ఉంటారు. "ఐఐటీ ఫౌండేషన్ యూకేజీ నుంచే" అని బోర్డు కనిపిస్తే మాత్రం నా సలహా, బండి ఆపకుండా వెళ్ళిపోండి.

ఇంకో ఏడాది ఇంట్లోనే

ఇదీ ఒక ఆప్షనే, సిగ్గుపడక్కర్లేదు. చట్టప్రకారం చదువు హక్కుగా, తప్పనిసరిగా మొదలయ్యేది 6 ఏళ్ళకి. ఇంట్లో నానమ్మో తాతయ్యో ఓపికున్న మనిషి ఉండి, వాకిలుండి, వీధిలో ఇంకో నలుగురు పిల్లలుంటే మూడు నుంచి నాలుగు దాకా ఇంట్లో ఉంచడం వల్ల పోయేదేం లేదు. అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్‌లో, రోజంతా టీవీ, ఒక్కడే పిల్లాడు అయితే మాత్రం బయటికి పంపండి, వాడికి కావాల్సింది తోటి పిల్లలు.

ఒక్కచోట చూసుకోవాలంటే

| | అంగన్‌వాడీ | ప్లే స్కూల్ | మాంటిస్సోరి (నిజమైనది) | ప్రైవేట్ ఎల్‌కేజీ | ఇల్లు |
|---|---|---|---|---|---|
| ఆట | టీచర్ తీరికని బట్టి | ఎక్కువ, ప్లాన్ ప్రకారం | చేతిపని ఎక్కువ, ఊహల ఆట తక్కువ | గేమ్స్ పీరియడ్ వరకే, కొన్నిచోట్ల నయం | మనిషి ఉంటే బోలెడు |
| రాత ఒత్తిడి | తక్కువ | తక్కువ, అడగాలి | తొందర లేదు | ఎక్కువ | మీ ఇష్టం |
| భాష | తెలుగు, ఇంటి భాష | ఇంగ్లీష్, తెలుగు కలిపి | స్కూల్‌ని బట్టి | ఇంగ్లీష్ | ఇంటి భాష |
| తిండి | అక్కడే పెడతారు | స్నాక్స్ మీరు పంపాలి | మీరు పంపాలి | లంచ్ బాక్స్ | ఇంటి అన్నం |
| ఖర్చు | లేదు | మధ్యస్తం నుంచి ఎక్కువ | ఎక్కువ | మధ్యస్తం నుంచి చాలా ఎక్కువ | లేదు |
| ఫస్ట్ క్లాస్ సీటు | మళ్ళీ చూసుకోవాలి | మళ్ళీ చూసుకోవాలి | కొన్నిచోట్ల అక్కడే | అక్కడే | మళ్ళీ చూసుకోవాలి |

మీ ఇంటి పరిస్థితిని బట్టి

ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళయితే స్కూల్ కన్నా ముందు మధ్యాహ్నం సంగతి తేల్చుకోండి. పూట ప్లే స్కూల్, ఆ తర్వాత డే కేర్ అంటే ఆ డే కేర్‌లో ఎవరుంటారు, నిద్ర ఎక్కడ అనేది కూడా చూడాలి, పొద్దున మూడు గంటలు బాగా ఆడించి మధ్యాహ్నం నాలుగు గంటలు కార్టూన్ ముందు కూర్చోబెడితే లాభం లేదు.

పల్లెటూళ్ళో ఉండి, పక్క టౌన్‌కి వ్యాన్‌లో పంపాలా అని ఊగిసలాడేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది, సెంటర్ బాగుంటే ఐదు దాకా ఊళ్ళో అంగన్‌వాడీకే పంపండి. మిగిలిన ఫీజు డబ్బుతో మంచి చెక్క బొమ్మలు, కథల పుస్తకాలు కొనండి. ఏటికొప్పాక లక్క బొమ్మలున్నాయి చూడండి, అంకుడు కర్రతో చేస్తారు, బొంగరాలు, గిలకలు, చక్రాల బళ్ళు, కింద పడేసినా ఏళ్ళ తరబడి ఉంటాయి.

పిల్లలకి మాటలు ఆలస్యమైతే, లేదా ఎవరితోనూ కలవకపోతే, మంది తక్కువున్న చోటు, తెలుగు మాట్లాడే టీచర్ ముఖ్యం, ఇంగ్లీష్ సంగతి తర్వాత. పిల్లల డాక్టర్‌కి కూడా ఒకసారి చూపించండి, "మా మేనమామ కూడా ఐదేళ్ళకే మాట్లాడాడు" అని ఆగొద్దు.

పిల్లాడు కుదురుగా కూర్చోడు, పరిగెత్తుతూనే ఉంటాడు అంటారా, జాగా ఉన్న చోటు వెతకండి, ఏసీ క్లాస్‌రూమ్ వాడికి జైలు. డబ్బు బాగా బిగుతుగా ఉన్న ఇంట్లో మాత్రం ఎల్‌కేజీ కోసం అప్పు చెయ్యొద్దని చేతులు జోడించి చెప్తున్నా, ఆ డబ్బు టెన్త్ తర్వాత అవసరమవుతుంది.

తరచూ అడిగేవి

*ఆటల స్కూల్లో చదివితే ఫస్ట్ క్లాస్‌లో వెనకబడతాడా?* మొదటి రెండు మూడు నెలలు రాత విషయంలో తేడా కనిపిస్తుంది, నిజమే, దాచను. నేను చూసినంతలో దసరా సెలవులు దాటేసరికి సర్దుకుంటారు. కథ విని మళ్ళీ చెప్పగలిగి, అడిగిన దానికి జవాబు చెప్పగలిగి, చెయ్యి తిరిగిన పిల్లకి అక్షరాలు గబగబా వస్తాయి. ప్రభుత్వమే 2021లో ఫస్ట్ క్లాస్ పిల్లలకి మొదటి మూడు నెలలు ఆటలతో నడిపే "విద్యా ప్రవేశ్" తెచ్చింది.

*హోంవర్క్ లేకపోతే ఇంట్లో ఏం చేయించాలి?* పప్పులో రాళ్ళు ఏరించండి, చెప్పులు జతలు పెట్టించండి, మనిషికి ఒక కంచం చొప్పున వేయమనండి. "ఇంట్లో ఐదుగురం, మామయ్య ఊరెళ్ళాడు, ఎన్ని కంచాలు?" ఇంతకన్నా లెక్కల హోంవర్క్ ఏముంటుంది.

*ఫోన్‌లో ఏబీసీడీ గేమ్స్ ఆటే కదా?* చెయ్యి, ఒళ్ళు కదలని ఆట ఈ వయసుకి చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఏంటంటే, మూడు నాలుగేళ్ళ వాళ్ళకి కూర్చుని స్క్రీన్ చూసే టైమ్ రోజుకి గంట దాటకూడదు, తక్కువుంటే ఇంకా మంచిది, ఒళ్ళు కదిలే ఆట 3 గంటలు ఉండాలి, నిద్ర 10 నుంచి 13 గంటలు.

*ఇంగ్లీష్ ఎలా వస్తుంది మరి?* వస్తుంది. తెలుగులో నాలుగు వాక్యాలు కలిపి చెప్పడం వచ్చాక తొందరగా వస్తుంది. అయితే తెలుగూ సరిగ్గా రాక, ఇంగ్లీషూ రాక, "వాటర్ తాగు, హ్యాండ్ వాష్ చెయ్" దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను, వాళ్ళకి కోపం వచ్చినా చెప్పుకోవడానికి మాట దొరకదు, కొరుకుతారు.

*స్కూల్‌కి వెళ్ళినప్పుడు ఒక్కటే చూడాలంటే ఏం చూడాలి?* అరగంట కూర్చోనిస్తారా అని అడగండి, సీసీటీవీలో చూడమంటే వద్దనండి. ఆ అరగంటలో ఏదో ఒకటి కచ్చితంగా ఒలుకుతుంది, విరుగుతుంది, ఇద్దరు కొట్టుకుంటారు. అప్పుడు టీచర్ మొహం చూడండి.

ఆ పాంప్లెట్ల అమ్మాయికి కూడా ఇదే చెప్పి పంపాను. రెండు స్కూళ్ళకీ వెళ్ళి కూర్చుని వచ్చింది. జారుడుబల్ల బొమ్మ ఉన్న స్కూల్లో ఆ బల్ల మేడ మీద ఉందట, గేటుకి తాళం, పిల్లలు పడతారని శనివారం మాత్రమే తీస్తారట, కింద గదిలో టీవీలో రైమ్స్ నడుస్తున్నాయి. కోటు టై స్కూల్లో నర్సరీ టీచర్ మాత్రం ఒక పళ్ళెంలో ఇసుక పోసి పిల్లల చేత వేలితో గీయిస్తోంది, ఒక బాబు నీళ్ళ సీసా ఒలకబోస్తే గుడ్డ తెచ్చి వాడి చేతికే ఇచ్చి పక్కన కూర్చుందట, వాడు తుడిచేదాకా. అక్కడే వేసింది. "కాపీ రాయించను, మీరు తిట్టకూడదు" అని మొదటి రోజే టీచర్‌కి చెప్పేసిందట, ఆవిడ నవ్వి, "పైవాళ్ళు అడిగితే పేరెంట్ రిక్వెస్ట్ అని రాసుకుంటానమ్మా" అందట. నిన్న కనిపించి, రోజూ వాడి నిక్కరు జేబులో చింతగింజలు దొరుకుతున్నాయక్కా, ఉతికేముందు లెక్కపెట్టి వాడికే తిరిగి ఇవ్వాలి, ఒకటి తగ్గినా ఊరుకోవట్లేదు అంది.